నా బల్ల మీద ఆగిన కారు

మా ముత్తాత ఇరవై రెండు గ్రామాలకు దేశ్‌ముఖ్. మా తాతకు నిజాం దర్బారులో నజరానా సమర్పించే వరుసలో చోటుండేది. ఆయన వీధిలో నడిచివస్తుంటే అరుగుల మీద ఎవరూ కూర్చునేవారు కాదు. మా నాయన తాలూకాలో మొట్టమొదట మోటారు కారు కొన్నవాడు. ఆ కారు వస్తున్న రోజున మూడు ఊళ్ల జనం దారి పొడవునా నిలబడ్డారని మా ఇంట్లో చెప్పుకునేవారు. సంతోషంతో నిలబడ్డారా, నిలబడక తప్పదని నిలబడ్డారా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా చాలా ఏళ్లు పనిచేసి, ఆ కుర్చీలోనే రిటైరైనవాణ్ణి. పోలీసు చర్య తర్వాత భూములు పోయాయి, తర్వాత నాయన పోయాడు. కారు అంతకు ముందే పోయింది. దాని వెనక సీటు మాత్రం నాకు గుర్తుంది. ముందు సీటులో నేనెప్పుడూ కూర్చోలేదు. అది డ్రైవరు చోటు. ఆఫీసులో నా వెనక నన్ను 'దొరవారు' అనేవారు. మర్యాద కొద్దీ అంటున్నారని చాలాకాలం అనుకున్నాను.

ఈ మధ్య మా వీధిలోని ఇద్దరు కుర్రవాళ్లు పాత కారు కొనాలని తిరుగుతూ, నేనొకప్పుడు కొన్నానని ఎవరో చెబితే సలహా అడగడానికి వచ్చారు. "మొదటిసారి కొనేవాళ్లు ఏం చూసుకోవాలి సార్?" అన్నారు. టీ ఇచ్చి పంపించాను. వాళ్లకు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

అవి అరవైల చివరి రోజులు. క్యాంపస్‌లో కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెద్ద అధికారులకు, ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లకు తప్ప మిగతా అందరికీ సైకిళ్లే. ఆ కార్లలో ఒకటి అన్నిటికన్నా పాతది. యుద్ధానికి ముందు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. ముదురు ఎరుపు రంగు, నల్లటి మడ్‌గార్డులు, కప్ప కళ్లలాంటి రెండు పెద్ద దీపాలు, తలుపు కింద కాలు పెట్టి ఎక్కడానికి పొడవాటి పలక. దాని యజమాని తార్నాకలో ఉండే ఒక రిటైర్డ్ ప్రొఫెసర్. ఉర్దూలో చదివి, ఇంగ్లీషులో పాఠం చెప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడే పాతకాలపు హైదరాబాదు మనిషి. రిటైరైన తర్వాత కూడా ఆయన రోజూ ఆ కారులో లైబ్రరీకి వచ్చేవాడు. అది మా సెక్షన్ కిటికీ ముందునుంచి వెళ్తుంటే నేను కలం ఆపి చూసేవాణ్ణి. మా నాయన కారు అదే రకమని నాకు గట్టి నమ్మకం. నిజానికి అవునో కాదో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

ఒక రోజు స్టాఫ్ క్లబ్బు నోటీసు బోర్డు మీద ఆయన చేతిరాతతో చిన్న కాగితం కనిపించింది. చూపు తగ్గిందనీ, నెలాఖరుకు పూనాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాననీ, కారు అమ్ముతాననీ, బాగా చూసుకునేవారే ఆదివారం పొద్దున ఇంటికి రావాలనీ దాని సారాంశం.

నా ఎదుటి బల్ల దగ్గర కోస్తా నుంచి వచ్చిన సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. పని వేగం, నోరు అంతకన్నా వేగం.

"ఏవండీ, చూశారా నోటీసు? ఆ కారులో కూర్చోవాలంటే మీలాంటివారే కూర్చోవాలండీ. మేం కూర్చుంటే అద్దెకి తెచ్చుకున్నామనుకుంటారు."

వెటకారమని తెలిసినా నాకు లోపల చల్లగా అనిపించింది.

ఇంట్లో మా ఆవిడ ఒప్పుకోలేదు. "కారెందుకండి? పెట్టెటందుకు జాగ లేదు, నడిపెటందుకు మీకు రాదు."

"డ్రైవరును పెట్టుకుందాం."

"ఏ జీతంతోని?"

 ఊరి ఇంటి టేకు తలుపులు, దూలాలు అమ్మేయగా వచ్చిన పైకం నా దగ్గరుంది. దాన్ని దేనికి వాడాలో నాకా నోటీసు చూశాకే తెలిసింది.

మొదటి ఆదివారం ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని వెళ్లాను. ప్రొఫెసర్ వరండాలో కూర్చోబెట్టి పింగాణీ కప్పులో టీ ఇప్పించాడు. మా తాత సంగతి ఆయన విని ఉన్నాడు. "జనాబ్, ఆ ఖాందాన్ మనిషి నా ఇంటికి వచ్చుడే నాకు ఖుషీ" అన్నాడు. వేట గురించి, పాత సంస్థానాల గురించి, హైదరాబాదులో ఎవరింటి బిర్యానీ ఎలా ఉండేదన్న దాని గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. కారు వరండాకు పది గజాల దూరంలో షెడ్డులో ఉంది. నేను లేచి వెళ్లి చూడలేదు. పెద్దమనిషి ఇంటికి వెళ్లిన మొదటి రోజునే బేరం మాటెత్తడం, వస్తువు చుట్టూ తిరిగి తడిమి చూడటం మా ఇంట్లో తప్పు. అది నౌకర్లు చేసే పని. కారు నాదే అయినట్టు ఇంటికి తిరిగివచ్చాను.

రెండో ఆదివారం వెళ్లేసరికి కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

"ఎవరది?" అన్నాను.

"నేనే సార్, వర్క్‌షాపు" అంటూ ఒక మనిషి కింద నుంచి జారి బయటికొచ్చాడు. ఫిజిక్స్ వర్క్‌షాపులో మెకానిక్. ముప్పై ఏళ్లుంటాయి. రైతు కుటుంబం, మాణికేశ్వర్ నగర్‌లో కాపురం. ల్యాబులో ఏ పరికరం చెడినా ముందు అతన్నే పిలిచేవారు. అంతవరకు నాకతను జీతాల పట్టీలో ఒక వరుస మాత్రమే.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

"బండి సూస్తున్న సార్. కొందామని."

అతను నా ముందే దాన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు. మడ్‌గార్డు మీద వేలి మెటికతో కొట్టి చప్పుడు విన్నాడు. చక్రం పట్టుకుని ఊపాడు. ఛాసిస్ మీద చెక్కిన నంబరును గుడ్డతో తుడిచి, ఆర్‌సీ పుస్తకంలోని నంబరుతో ఒక్కో అంకె చదివి సరిచూశాడు. వెనక సీటు ఎత్తి, కింద ఉన్న కొయ్య ఫ్రేమును స్క్రూడ్రైవరు మొనతో పొడిచాడు. ఒకచోట మొన లోపలికి దిగింది. తెల్లటి పొడి రాలింది.

"చెదలు" అన్నాడు ప్రొఫెసర్‌తో. "గీడ ఎడమ దిక్కు మూలకే ఉన్నది సాబ్. ఇప్పుడే మందు కొట్టి, జానెడు కట్టె మారిస్తె ఆగుతది. ఇడిసిపెడితే రెండేండ్లల్ల మొత్తం తింటది."

"ఇదేం సంత అనుకున్నావా?" అన్నాను. మాట కొంచెం గట్టిగానే వచ్చింది.

"సంతే గద సార్" అని నవ్వాడు. "మా నాయిన ఎద్దును కొనవోతే పండ్లు సూస్తడు, మూపురం పిసుకుతడు, రెండు ఫర్లాంగులు నడిపిస్తడు. అమ్మెటోడు సుత ఏమనుకోడు. సూడకుంట కొంటెనే వాడికి అనుమానం."

ప్రొఫెసర్ పగలబడి నవ్వాడు. నేను గంటన్నర కూర్చున్న రోజున ఆయన చిరునవ్వు దాటలేదు. "సునా ఆప్‌నే, జనాబ్?" అన్నాడు నా వైపు తిరిగి. "ఈ బేటా ఏమంటడో తెలుసా? నా కారు చప్పుడు వర్క్‌షాపు కిటికీల నుంచి పదేండ్ల సంది ఇంటున్నడట. మూడో సిలిండర్ సుస్తుగా కొడుతున్నదని నాకే చెప్పిండు. నిజమే, కొడుతున్నది!"

నేను కూడా అన్నేళ్లుగా కిటికీలోంచి ఆ కారును చూస్తూనే ఉన్నాను. దానికి సిలిండర్లుంటాయని కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత టీ వచ్చింది. నాకిచ్చిన పింగాణీ కప్పుల్లోదే ఒకటి అతనికీ వచ్చింది. గ్రీజు అంటిన వేళ్లతో అతను దాన్ని జాగ్రత్తగా పట్టుకున్నాడు. నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. నన్ను జనాబ్ అంటున్న మనిషి అతన్ని బేటా అంటున్నాడు. ఆ రెండు మాటల్లో ఏది ఎక్కువో ఆ వరండాలో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది.

అప్పుడు ప్రొఫెసర్ తన షరతు చెప్పాడు. కారు తీసుకునే మనిషి ఎవరైనా సరే, తన ముందు తానే దాన్ని స్టార్ట్ చేసి చూపించాలి. ముప్పై ఏళ్లుగా తాను రోజూ పొద్దున చేసినట్టే చేయాలి. పెట్రోలు కుళాయి తిప్పడం, ఇంజను ఎదురు తన్నకుండా స్టీరింగు మీది స్పార్కు లివరును వెనక్కి లాగడం, ముందుకొచ్చి ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు దూర్చి కింద నుంచి పైకి ఒక్క లాగు లాగడం. అన్నీ చేసి చూపించాడు. ఆఖరున బొటనవేలు గురించి కూడా ఏదో చెప్పాడు. నేను వినలేదు. ఆ సమయంలో నేను మెకానిక్ ముఖం చూస్తున్నాను. గుళ్లో హారతి తీసుకునేవాడి ముఖంలా ఉంది.

సోమవారం టపాలో అతని దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఉద్యోగి ఎవరైనా వాహనం కొనాలంటే ముందుగా విశ్వవిద్యాలయం అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు మా సెక్షన్‌కు వస్తుంది. నేను నోటు రాసి పైకి పంపితే డిప్యూటీ రిజిస్ట్రార్ సంతకం చేస్తాడు. నేను పంపకపోతే ఆయనకు ఆ కాగితం ఉన్నట్టే తెలియదు.

నా దరఖాస్తు కూడా అదే రోజు రాశాను. సెక్షన్ పెద్దను కాబట్టి అది నేరుగా పైకి వెళ్లింది. మర్నాడు సాయంత్రానికి సంతకమై వచ్చింది.

అతని దరఖాస్తు మీద ఎర్ర సిరాతో ప్రశ్న రాశాను: కొనుగోలుకు పైకం ఎక్కడిది? రెండు రోజుల్లో జవాబిచ్చాడు. ఆస్తి పత్రం నకలు జతచేయాలని రాశాను. జతచేశాడు. వాహనం విలువను తగిన అధికారి ధ్రువీకరించాలని రాశాను. అది కూడా ఇంజనీరింగు కాలేజీలో ఎవరో పెద్దాయన చేత రాయించి తెచ్చాడు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ నియమాల్లో చోటుంది. ఒకేసారి అడగగలిగినవాటిని ఒక్కొక్కటిగా అడగకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదు.

ఎదుటి బల్లాయన ఒకసారి ఫైలు అందిస్తూ అన్నాడు, "ఏవండీ, రాకెట్టేమన్నా కొంటున్నాడా ఈ అబ్బాయి?"

"నియమం నియమమే" అన్నాను.

"అవునండీ. మీ విషయంలో దానికి కొంచెం పరుగెక్కువ, అంతే."

మెకానిక్ ఒక మధ్యాహ్నం స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ వర్క్‌షాపు ఖాకీలో ఉండేవాడు, ఆ రోజు తెల్ల చొక్కా వేసుకున్నాడు. కూర్చోమని నేననలేదు.

"సార్, ఇంక ఏమన్న కాయిదం కావాల్నా? ఆదివారం ఒక్కటే మిగిలింది. సాబ్ ఆ తర్వాత పోతడు."

"చూస్తున్నాం."

"నాకు ఇంకే మోజు లేదు సార్. సిగరెట్ సుత తాగ. గా బండి ఒక్కటే" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి వెళ్లిపోయాడు.

అతను తెచ్చిన చివరి జవాబు అప్పటికే నా సొరుగులో ఉంది. దాన్ని పైకి పంపడానికి ఒక పొడి సంతకం చాలు. సొరుగు మూసి తాళం వేశాను. నాకు కారు కావాలన్న మాట నిజమే. అయితే ఆ క్షణాన నాకు కారు దక్కడం కన్నా అతనికి దక్కకపోవడం ఎక్కువ కావాల్సి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఈ మాట రాయడానికి నాకిప్పుడు భయం లేదు. అప్పుడు నాతో నేను చెప్పుకోవడానికి కూడా ఉండేది.

మూడో ఆదివారం. ప్రొఫెసర్ వరండాలో పెట్టెలు సర్ది ఉన్నాయి. మెకానిక్ నాకన్నా ముందే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"పది దినాలు ఆగరాదు సాబ్? కాయిదం వస్తది."

"ఎట్ల ఆగుత బేటా? టికెట్లు తీసుకున్న. ఇల్లు అప్పజెప్పాలె."

నేను జేబులోంచి నా అనుమతి పత్రం తీసి బల్ల మీద పెట్టాను. ప్రొఫెసర్ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"మీది వచ్చిందా?" అన్నాడు. కాగితాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. "ఇద్దరిదీ ఒకటే దఫ్తర్ గద?"

"ఆఫీసులో అన్నీ నియమాల ప్రకారం జరుగుతాయండీ" అన్నాను.

మెకానిక్ తల తిప్పి నా వైపు చూశాడు. అప్పుడే అతనికి అర్థమైందనుకుంటాను. 

"అచ్ఛా. షర్తు గుర్తున్నదా? స్టార్ట్ చెయ్యండి" అన్నాడు ప్రొఫెసర్.

షేర్వాణీ చేతులు పైకి మడుచుకున్నాను. కుళాయి తిప్పాను. కారు ముందుకొచ్చి హ్యాండిలు పట్టుకున్నాను. గుప్పిట బిగించి, బొటనవేలు హ్యాండిలు చుట్టూ గట్టిగా వేసి.

"సార్, బొటనేలు!" అని మెకానిక్ అరిచాడు. "ఏలు అవతలికి పెట్టకుండ్రి, అన్ని ఒక్క దిక్కే ఉండాలె! స్పార్కు సుత ఎనకకు గుంజలే—"

"నాకు తెలుసు" అన్నాను.

నిజంగా నాకు తెలియదు. ప్రొఫెసర్ చెప్పి ఉంటే ఆగేవాణ్ణేమో. చెప్పింది అతను కాబట్టి ఆగలేదు. నా బలమంతా పెట్టి లాగాను. ఇంజను ఒక్కసారి ఎదురు తన్నింది. హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగింది. మణికట్టులో ఎండుకొమ్మ విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత నేను నేల మీద కూర్చుని ఉన్నాను.

అతను తన భుజం మీది తువ్వాలు తీసి, రెండు చెక్కముక్కలు పెట్టి నా చెయ్యి కదలకుండా కట్టాడు. లివరు వెనక్కి లాగి, నాలుగు వేళ్లూ బొటనవేలూ ఒకే వైపు పెట్టి, హ్యాండిలును పైకి లాగాడు. ఒక్క లాగుకే కారు స్టార్టయింది. నన్ను వెనక సీటులో కూర్చోబెట్టి దవాఖానకు బయలుదేరాడు.

ఆ విధంగా ఆ కారులో నేను చేసిన మొదటి ప్రయాణం అది. నొప్పితో కళ్లు తిరుగుతున్నా వీపు సీటుకు ఆనించకుండా నిటారుగా కూర్చున్నాను. తార్నాక చౌరస్తాలో జనం ఆగి చూశారు. కూరగాయల సంచితో నిలబడ్డ మా ఎదుటి బల్లాయన చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఎడమ చేతితో తిరిగి పెట్టాను. ముందు సీటులో అతను గుంత వచ్చిన ప్రతిచోటా నా చెయ్యి అదరకుండా వేగం తగ్గించి నడిపాడు. అతను ఎంత బాగా నడుపుతున్నాడో గమనించకుండా ఉండటానికి నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కట్టు వేయించుకుని ప్రొఫెసర్ ఇంటికి తిరిగివచ్చాం. ఆయన దిగులుగా ఉన్నాడు. "షర్తు ప్రకారం మీకియ్యొద్దు జనాబ్. కాని కాయిదం మీ దగ్గరనే ఉన్నది" అన్నాడు.

"సారుకే ఇయ్యండి సాబ్" అన్నాడు మెకానిక్. "చెయ్యి సుత ఇరగ్గొట్టుకున్నడు. ఇంకేం గావాలె?"

అది దయో, ఎత్తిపొడుపో నాకు ఈనాటికీ తెలియదు. ప్రొఫెసర్ ఆర్‌సీ పుస్తకం నా ఎడమ చేతిలో పెట్టాడు. హ్యాండిలు మాత్రం అతని చేతిలో పెట్టి, "వీరి చెయ్యి బాగయ్యేదాక నువ్వే చూసుకో బేటా" అన్నాడు. అతనే కారును నడుపుకుంటూ తెచ్చి మా అద్దె ఇంటి పెరట్లో పెట్టాడు.

నాలుగు రోజుల తర్వాత ఎదుటి బల్లాయన బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చాడు.

"ఏవండీ, మన మెకానిక్ కారు కొన్నాడటగా? ఆదివారం మిమ్మల్ని ఎక్కించుకుని తిప్పుతుంటే చూశాను. నమస్కారం పెడితే పాపం అతను చూసుకోలేదు, మీరు పెట్టారు."

"కారు నాది" అన్నాను.

"అలాగాండీ!" అన్నాడు. బత్తాయి ఒలిచి ఒక తొన నా ఎడమ చేతికి అందించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు సెలవులో ఉన్నారు కదా, సెక్షన్ తాళాలు నాకిచ్చారు. ఆ అబ్బాయి ఫైలు మీ సొరుగులో ఉందండీ. చివరి కాగితం ఆ ఆదివారానికి ముందే వచ్చింది. మీ చెయ్యి బాగోలేదు గదా అని నేనే పంపేశాను. నిన్న సంతకమైపోయింది."

నన్నింకేమీ అనలేదు. అనకపోవడం అతనికి కొత్త కాబట్టి అది నాకు గట్టిగా తగిలింది.

మర్నాడు సాయంత్రం మెకానిక్ వచ్చాడు. జేబులో మడిచిన అనుమతి పత్రం. మా ఆవిడ కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"సార్, కాయిదం వచ్చింది. మీ సొరుగుల ఉండెనట."

"ఫైళ్లు ఎక్కువ. కనిపించి ఉండదు."

"అవు సార్. ఎక్కువనే ఉంటయి." కాసేపు పెరటి వైపు చూశాడు. "మీరిచ్చిన ధరకే నాకియ్యండి సార్. పైన ఏమన్న అడిగినా ఇస్త. మీరు నడపరు గద."

ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే అందరికీ మంచిదే. నాకా క్షణంలో కనిపించింది మాత్రం వేరు. ఆ కారులో అతను మా సెక్షన్ కిటికీ ముందునుంచి రోజూ వెళ్తున్నాడు. నేను కలం ఆపి చూస్తున్నాను.

"మా ఇంట్లో కారు కొంటే అమ్మరు" అన్నాను.

అతను తల ఊపాడు. "అయితే పాయె సార్. ఒక్కటి జేస్త. వారానికొక్కసారి ఐతారం పొద్దుగాల వచ్చి స్టార్ట్ జేసి పోత. ఊకె నిలవెడితే ఇంజను జామయితది. గా చెదలుకు సుత మందు కొడ్త. పైసలేమొద్దు. బండి మీదే. నేను జర చప్పుడు ఇని పోత, అంతే."

"అవసరం లేదు. మా బండి సంగతి మేం చూసుకుంటాం. హ్యాండిలు ఇచ్చి వెళ్లు."

అతను సైకిలుకు కట్టుకున్న హ్యాండిలు విప్పాడు. తువ్వాలుతో ఒకసారి తుడిచాడు. వరండా గోడకు ఆనించి, మా ఆవిడకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఒక్క గడియ స్టార్ట్ చేసి పోతనంటె మీకేం పోయింది?" అంది మా ఆవిడ.

హ్యాండిలు తీసుకుని లోపలికి వెళ్లాను. మాట్లాడితే నిజం చెప్పాల్సి వస్తుంది.

మణికట్టు అతుక్కుంది గాని కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ చేతితో హ్యాండిలు లాగలేను. వారాసిగూడ నుంచి ఒక డ్రైవరును పిలిపించాను. అతను కారు చుట్టూ తిరిగి, "గిది నాతోని గాదు సార్, సెల్ఫు ఉన్న బండైతే జెప్పుండ్రి" అని వెళ్లిపోయాడు. సరిపోయే టైర్లు ఊళ్లో దొరకవని అప్పుడే తెలిసింది. పెరట్లో షెడ్డు లేదు. టార్పాలిను కప్పాను. మొదటి వానాకాలంలో నీళ్లు దాని మడతల్లో నిలిచి సీట్లలోకి దిగాయి.

మెకానిక్ రోజూ మా వీధిలోంచే సైకిలు మీద పనికి వెళ్లేవాడు. గేటు దగ్గర కాళ్లు ఆపి, టార్పాలిను వైపు చూసి మళ్లీ తొక్కేవాడు. కిటికీ వెనక నిలబడి నేనది చూసేవాణ్ణి. అతను అలా చూసినంతకాలం నా దగ్గర అతనికి లేనిదొకటి ఉందని తృప్తిగా ఉండేది. కొన్ని నెలలకు అతను వేరే దారిన వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు అతని మీద మళ్లీ కొత్తగా ఈర్ష్య పుట్టింది. ఆ బండిని మనసులోంచి తీసేయడం అతనికి చేతనైంది. నాకు రోజూ పొద్దున పెరటి తలుపు తీయక తప్పదు.

సలహా అడిగిన కుర్రవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. సీటు ఎత్తి కింద కొయ్యను పొడిచి చూడండి. కాగితంలోని నంబరును ఇనుము మీది నంబరుతో కలిపి చూడండి. టైరు సైజు రాసుకుని, కొనకముందే బజారులో అడగండి. వాన పడని చోటు ముందు వెతుక్కోండి. హ్యాండిలు ఉన్న బండైతే బొటనవేలు మిగతా వేళ్ల వైపే పెట్టండి. దాన్ని నడిపించగల మనిషిని బండికన్నా ముందు సంపాదించుకోండి. అతనికి దాని మీద మీకన్నా ఎక్కువ ప్రేమ ఉంటే ఓర్చుకోండి. ఇందులో నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు. చివరి మాట తప్ప మిగతావి అతను నా కళ్ల ముందు చేసి చూపించినవి, కాకుంటే ఆ బండి పాడవుతూ చూపించినవి. చివరిది మాత్రం ఓర్చుకోలేక నేర్చుకున్నాను.

రెండో వానాకాలం తర్వాత ఒక తలుపు దానంతటదే ఊడి కింద పడింది. తలుపును పట్టుకోవాల్సిన కొయ్య లోపల లేదు. దాని బదులు మట్టి ఉంది. ఇంటాయన పెరడు ఖాళీ చేయమన్నాడు. అమ్ముతున్నట్టు మెకానిక్‌కు కబురు చేయమని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. నేను చేయలేదు.

సీతాఫల్‌మండి నుంచి పాత ఇనుము దుకాణం వాళ్లు తోపుడు బండ్లతో వచ్చారు. దీపాలు, ఇంజను విడిగా తీసుకున్నారు. మిగతా కారును ముక్కలు చేసి, కిలోల లెక్కన తూచి అమ్మాను.